‘రెండు కార్ల రైలు’ అంటారు.. కనిపించేవి ఆరు పెట్టెలు! ఏమిటీ లెక్క?

అమెరికాలోని డాలస్‌లో పిల్లల దగ్గరికి వెళ్లారా? అక్కడి ‘డార్ట్’ లైట్ రైల్ ఎక్కే ముందు ఈ లెక్క తెలుసుకోండి. ‘రెండు కార్ల రైలు’ అంటారు. వచ్చాక మీరు లెక్కపెడితే ఆరు పెట్టెలు! రెండూ సరైనవే.

ఇక్కడ కారు అంటే ఒక్క పెట్టె కాదు, కీళ్లతో కలిపిన మూడు భాగాల వాహనం. భాగాల మధ్య మడతల తొడుగు ఉంటుంది. ఆ కీలు కింద ఉండే చక్రాల చట్రాన్ని పక్కపక్క భాగాలు రెండూ పంచుకుంటాయి. అందుకే ఒక భాగాన్ని విడదీసి విడిగా నడపలేరు. ఇంజినీర్లు మూడింటినీ కలిపి ఒక్కటిగా లెక్కిస్తారు.

మన భాషలో ఇంకో తిరకాసు ఉంది. మనం పెట్టెనే ‘బోగీ’ అంటాం. నిజానికి రైల్వే ఇంజినీర్లకు బోగీ అంటే ఆ చక్రాల చట్రమే. అంటే డాలస్‌లో రెండు బోగీలకు ఒకే బోగీ అన్నమాట! అమెరికన్లేమో దాన్నే ‘ట్రక్’ అంటారు.

1996లో డార్ట్ రైళ్లు మొదలైనప్పుడు కారుకు రెండే భాగాలు. ఎక్కాలంటే మెట్లు. తర్వాత మధ్యలో దాదాపు 31 అడుగుల కొత్త భాగం చేర్చారు. దాని నేల కిందికి, ప్లాట్‌ఫాం ఎత్తుకు ఉంటుంది. కారు పొడవు పెరిగింది కానీ లెక్కలో ఒకటే. వీల్‌చైర్‌లో అమ్మమ్మ ఉన్నా, డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్ట్ స్టేషన్‌లో పెద్ద సూట్‌కేసులతో ఎక్కుతున్నా ఈ మధ్య భాగం తలుపు దగ్గరే నిలబడండి. చివరి భాగాల్లో ఇప్పటికీ మెట్లే.

హైదరాబాద్ మెట్రో అలవాటుతో ఒక పొరపాటు చేస్తుంటారు. మన 3 కోచ్‌ల మెట్రోలో ఎక్కడ ఎక్కినా లోపలి నుంచే ఆ చివర దాకా నడవొచ్చు. డాలస్‌లో ఒక కారులోని మూడు భాగాల మధ్యే అది కుదురుతుంది. ఒక కారు నుంచి ఇంకో కారుకు లోపల దారి లేదు. పిల్లలతో ఉన్నప్పుడు అందరూ ఒకే కారు ఎక్కండి. మడతల తొడుగు కనిపిస్తే అదే కారు, మధ్యలో ఖాళీ, కొక్కెం కనిపిస్తే అది వేరే కారు.

బ్యాగు మరిచిపోయి ఫిర్యాదు చేయాల్సి వస్తే ‘మూడో పెట్టె’ అనకండి. కారు మీద మూడంకెల నంబరు ఉంటుంది. అది చెప్పి, ముందు భాగమా, మధ్యా, వెనకా అన్నది చెప్పండి.