ఒక పౌను గింజలు: కేలరీ లెక్కకు ముందూ వెనుకా

1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ వైస్రాయి లిటన్ ప్రతినిధిగా మద్రాసు రాష్ట్రానికి వచ్చేనాటికి బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలలో ధాత సంవత్సరపు కరువు ముదిరిపోయింది. (నేటి అనంతపురం అప్పటికి బళ్ళారి జిల్లాలో భాగమే.) అంతకు మూడేళ్ళ క్రితం బీహారు కరువులో బర్మా బియ్యం తెప్పించి ప్రాణనష్టాన్ని బాగా అరికట్టిన అధికారి ఈయనే. అందుకు ఆయనకు దక్కింది మెప్పు కాదు, దుబారా చేశాడన్న నింద. ఆ నిందను కడుక్కోవాలన్న తొందర మద్రాసులో ఆయన నిర్ణయాలను నడిపించిందని పలువురు చరిత్రకారులు అంటారు. నాకూ అలాగే తోస్తుంది. కరువు పనుల్లో రాళ్ళు కొట్టి, మట్టి మోసే మగవాడికి రోజుకు ఒక పౌను, అంటే దాదాపు 450 గ్రాముల ధాన్యం కొనగలిగేంత కూలి, పైన కొద్దిపాటి చిల్లర చాలునని ఆయన తేల్చాడు. ఆడవాళ్ళకూ పిల్లలకూ అంతకన్నా తక్కువే. చరిత్రలో దీనికి ‘టెంపుల్ కూలి’ అన్న పేరు నిలిచిపోయింది.

దీన్ని ఎదిరించినవాడు మరొక ప్రభుత్వోద్యోగి, మద్రాసు సానిటరీ కమిషనర్ డాక్టర్ విలియం రాబర్ట్ కార్నిష్. ఒళ్ళు వంచి పని చేసే మనిషికి పౌనున్నర గింజలైనా ఉండాలనీ, గింజ ఒక్కటే చాలదనీ, పప్పూ కూరలూ తోడవాలనీ ఆయన పట్టుబట్టాడు. ఆహారాన్ని కేలరీలలో కొలిచే అలవాటు అప్పటికింకా రాలేదు. జర్మన్ రసాయనశాస్త్రం నేర్పిన నత్రజని, కర్బనాల లెక్కలే ఆనాటి ఆహారశాస్త్రం. అంటే వాదం ఇద్దరు అధికారుల దయాగుణాల మధ్య జరగలేదు. మనిషి బ్రతికి పని చేయడానికి ఎంత కావాలన్న ప్రశ్న మీద, చాలీచాలని పనిముట్లతో జరిగింది. ఆ ఏడాదే మద్రాసు ప్రభుత్వం కొంత దిగివచ్చి, ధాన్యం పెంచి పప్పు చేర్చింది. బొంబాయి రాష్ట్రంలో కూలీలు తామే జవాబు చెప్పారు: ఆ కూలికి పని చేయమని వేల సంఖ్యలో పనులు వదిలి వెళ్ళిపోయారు. వారి పక్షాన పూనా సార్వజనిక సభ వకాల్తా పుచ్చుకుంది. ఆ కరువు ముగిసేసరికి ఒక్క బ్రిటిష్ పాలిత ప్రాంతంలోనే అర కోటికి పైగా జనం పోయారు. మద్రాసులో అడయారు, కూవం నదులను కలిపే బకింగ్‌హాం కాలువ ముక్క ఆ కరువు పనులలో తవ్వినదే. దాని పేరు మాత్రం నాటి గవర్నరుది.

ఆహారాన్ని కేలరీలలో కొలవడం అమెరికాలో స్థిరపడింది ఆ తరువాతి రెండు దశాబ్దాలలో. కనెటికట్‌లోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో విల్బర్ అట్‌వాటర్, మనిషిని రోజుల తరబడి లోపల ఉంచి ఒంటి నుంచి వెలువడే వేడిని కొలవగల గదిని కట్టించాడు. మాంసకృత్తులకూ పిండిపదార్థాలకూ గ్రాముకు నాలుగు, కొవ్వుకు తొమ్మిది అని నేటికీ డబ్బాల మీద కనిపించే లెక్కకు మూలం ఆయన పనే. (మనం కేలరీ అంటున్నది నిజానికి కిలోకేలరీ.) కూలివాడు తన డబ్బుకు ఎక్కువ శక్తి నిచ్చే తిండి కొనుక్కోవడమెలాగన్నది అట్‌వాటర్ తాపత్రయం. బరువు తగ్గడానికి అదే అంకెను ఇంటింటికీ చేర్చినది 1918లో పుస్తకం రాసిన లాస్ ఏంజెలెస్ వైద్యురాలు లులు హంట్ పీటర్స్.

టెంపుల్ పౌనును ఇప్పుడు ఈ కొలతలోకి మార్చవచ్చు. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు తరలిన సంస్థే నేటి జాతీయ పోషకాహార సంస్థ. దాని పాత పట్టికలలో జొన్నలకు నూరు గ్రాములకు 349 కేలరీలు. ఆ లెక్కన పౌనుకు 1,580 చిల్లర.

ఇంచుమించు ఇదే అంకె మరోచోట ఎదురవుతుంది. 1944 నవంబరులో మినెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ బృందం, యుద్ధంలో ఆయుధం పట్టబోమన్న 36 మంది యువకులపై ఒక ప్రయోగం మొదలుపెట్టింది. యూరప్‌లో ఆకలితో చిక్కినవారికి తిరిగి తిండి పెట్టడమెలాగో తెలుసుకోవాలని దాని ఉద్దేశం. మొదటి పన్నెండు వారాలు కడుపునిండా పెట్టి, తరువాత 24 వారాలు రోజుకు సగటున 1,570 కేలరీలు మాత్రమే ఇచ్చారు. వారానికి 22 మైళ్ళ నడక. దాదాపు పాతిక శాతం బరువు పోయింది. విశ్రాంతిలో శరీరం ఖర్చు చేసే శక్తి నలభై శాతం దాకా పడిపోయింది. చలి, నీరసం, కాళ్ళవాపులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం వచ్చాయి. ఆసక్తి మిగిలింది తిండి మీదే. వంటల పుస్తకాలు పోగేసుకుని చదివినవారున్నారు.

రెండు అంకెలూ కలిశాయని రెండు అనుభవాలూ ఒకటని అనలేము. అమెరికన్ యువకులు పెద్ద ఒళ్ళవాళ్ళు, వాళ్ళకు కావలసినదీ ఎక్కువే; రాయలసీమ కూలీకి చేతిలో కొంత చిల్లరా ఉంది. కానీ ఆ కూలీ పనిలోకి వచ్చిందే నెలల తరబడి పస్తులుండి, వచ్చాక చేసినది నడక కాదు, రాళ్ళు కొట్టడం. ఆకలిగొన్నవారి మందకొడితనం సోమరితనం కాదని, తిండి తగ్గినప్పుడు శరీరం తన ఖర్చును తానే కుదించుకుంటుందని టెంపుల్‌కు చూపించగల కాగితం కార్నిష్ దగ్గర లేదు. అది 1950లో, కీస్ బృందం రెండు సంపుటాలుగా అచ్చయింది.

నేటి ఆహార నియమాలలో రోజుకు 1,500 కేలరీలు మామూలు మాట. ఒంట్లో కొవ్వు నిలవలున్నవారికి వైద్యుడు చెప్పే 1,500కూ, చిక్కిపోయే మనిషికి మిగిలిన 1,500కూ తేడా ఉంది, నిజమే. అయినా తగ్గిన బరువు తిరిగి రావడాన్ని మనోబలం లోపమనేవారు మినెసోటా ప్రయోగపు చివరి భాగం చదవాలి. మొదట పరిమితంగా పెంచిన తిండి ఆకలిని తీర్చలేదు. పరిమితి ఎత్తివేశాక కొందరు రోజుకు 5,000 కేలరీలకు పైగా తిన్నారు. కడుపు నిండిపోయినా ఆకలి తీరలేదన్నారు. కండకన్నా ముందు కొవ్వే తిరిగి వచ్చింది, కొన్నాళ్ళు మొదటికన్నా ఎక్కువగా కూడా. ఆ తరువాత వాళ్ళలో ముగ్గురు వంటనే వృత్తిగా చేసుకున్నారు.