గురక లెక్క

"గురక పెడితే పర్లేదన్నా, అది నిల్చిపోతేనే నాకు భయమైతాంది" అన్నాడు ఫహాహీల్లో నా గదిలో ఉండే కడప తమ్ముడు. డాక్టరు కూడా మొదట అడిగింది, "పక్కన పడుకునేదెవరు?" అనే. వాను డ్రైవరైన మా తమ్ముడే వచ్చి, నాకు రాని అరబ్బీలో నా గురకను అభినయించి మరీ చెప్పాడు.

కుంభకర్ణుడి నుంచీ మనకి గురకంటే నవ్వులాటే. తెల్లవాళ్ళకీ అంతే. 1836-37లో డికెన్స్ 'పిక్విక్ పేపర్స్'లో నిలబడే నిద్రపోయే లావుపాటి జో ఉంటాడు. 1956లో బర్వెల్ బృందం ఆ పుస్తకం పేరే ఒక జబ్బుకి పెట్టింది, నేరం మాత్రం ఒంట్లో పేరుకునే కార్బన్ డయాక్సైడ్ మీద మోపింది. రోగిని రాత్రంతా తీగలతో పడుకోబెట్టి చూసింది 1965లో, ఫ్రాన్సులో గాస్టో బృందం, జర్మనీలో యుంగ్, కూలో. ఊపిరి పదే పదే ఆగడం అప్పుడు కంటబడింది.

నాకూ తల, గడ్డం, ఛాతీ, వేలు, అన్నిటికీ తీగలే. ఈ సంతలో నిద్రెలా పడుతుందనుకున్నాను, పట్టింది! ఊపిరి 10 సెకన్లు ఆగినా, గాలి బాగా తగ్గి రక్తంలో ఆక్సిజన్ పడిపోయినా ఒకటిగా లెక్క. గంటకి 30, ఆపైన అయితే తీవ్రం. నాకు 34.

తమ్ముడు కాయితం అటూ ఇటూ తిప్పాడు. "నేను ఇరవై దాకా లెక్కపెట్టి నిద్రపోయినా అన్నా."