సద్దికుండ నుంచి రోదసి దాకా

శ్రీహరికోట నేడు తిరుపతి జిల్లాలో ఉంది. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి తొలి రోహిణి రాకెట్టు నింగికెగసిన కాలంలో, ఈ ప్రాంతపు రైతులు రాత్రి నీళ్ళు పోసి ఉంచిన అన్నాన్నో రాగి సంగటినో ఉదయం మజ్జిగలో పిసికి తాగి పొలానికి వెళ్ళేవారు. సద్దికుండకూ రోదసి యాత్రకూ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. ఆ రెండింటినీ కలిపేది మన పేగులలోని సూక్ష్మజీవులే.

రోదసి ఆహార చరిత్ర సూక్ష్మజీవులను చంపడంతో మొదలైంది. వ్యోమనౌకలో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ప్రాణాపాయమే. అందుకే 1960 ప్రాంతంలో నాసా, పిల్స్‌బరీ సంస్థ కలిసి ఆహార తయారీలో ప్రతి దశలోనూ ప్రమాదాన్ని ముందే పసిగట్టే పద్ధతిని రూపొందించాయి. నేడు ప్రపంచమంతటా ఆహార కర్మాగారాలు అనుసరిస్తున్న హాసప్ విధానం అదే.

2008 ఏప్రిల్‌లో కొరియా తొలి వ్యోమగామి యీ సో-యోన్ తమ దేశపు పులియబెట్టిన కూర కిమ్చిని వెంట తీసుకువెళ్ళారు. అయితే ముందుగానే రేడియేషన్‌తో అందులోని బ్యాక్టీరియాను చంపివేశారు. రుచి మిగిలింది, జీవం పోయింది. మన ఇడ్లీ కూడా ఇంతే: పిండి పులిసినా, ఆవిరికి బ్యాక్టీరియా చనిపోతుంది. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఇచ్చిన నిర్వచనం ప్రకారం, తగినంత సంఖ్యలో సజీవంగా ఉండి ఆరోగ్యానికి మేలు చేసేవే ప్రోబయోటిక్స్. కాబట్టి పులిసినదంతా ప్రోబయోటిక్ కాదు.

స్కాట్ కెల్లీ 340 రోజులు రోదసిలో గడిపినప్పుడు ఆయన పేగులలోని బ్యాక్టీరియా పాళ్ళు మారాయని, భూమికి తిరిగివచ్చాక దాదాపు మునుపటి స్థితికి చేరాయని 2019లో వెల్లడైంది. దృష్టి క్రమంగా చంపడం నుంచి పెంచడం వైపు మళ్ళింది. 2020లో జపాన్ వారి సోయా ముద్ద మిసోను అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోనే 30 రోజులు పులియబెట్టగా, అది తినదగినదిగానే తయారైంది.

ఈ చరిత్ర మనకు నేర్పే పాఠం ఒకటే: శుభ్రతా కావాలి, మేలుచేసే సూక్ష్మజీవులూ కావాలి. సద్దన్నానికి మంచినీరు, శుభ్రమైన పాత్ర, మూత తప్పనిసరి. బూజు, జిగురు, దుర్వాసన ఉంటే పారవేయండి. కీమోథెరపీ పొందుతున్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు వైద్యుణ్ణి అడగకుండా తినరాదు. చీటీ లేకుండా యాంటీబయోటిక్స్ కొని మింగకండి. అవి పేగులలోని మిత్రులనూ చంపుతాయి. సద్దన్నం ఔషధం కాదు, మంచి ఆహారం. దానిని అలాగే గౌరవించండి.