మూలుగ నుంచి గాజుపాత్ర దాకా

హిరోషిమా, నాగసాకి తర్వాత వైద్యుల ముందు ఒక ప్రశ్న నిలిచింది. రేడియేషన్ సోకి రక్తం తయారీ ఆగిపోయిన మనిషిని ఎలా బతికించాలి? 1950ల మొదట్లోనే ఎలుకల్లో జవాబు దొరికింది: ఆరోగ్యవంతమైన మూలుగ ఎక్కిస్తే అవి బతికాయి. 1957లో అమెరికా వైద్యుడు డొనాల్ థామస్ మనుషుల్లో తొలి ప్రయత్నాలను ప్రకటించారు. ఆ రోగులు దక్కలేదు. ఆయన పట్టు వదల్లేదు. 1990లో నోబెల్ వరించింది.

ఇంతకీ మూలుగలో ప్రాణం పోసేది ఏ కణం? టొరంటోలో జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకల్లక్ రేడియేషన్ ఇచ్చిన ఎలుకలకు మూలుగ కణాలు ఎక్కించారు. పదో రోజుకల్లా వాటి ప్లీహం మీద బొడిపెలు లేచాయి. ఎక్కించిన కణాల సంఖ్య పెరిగేకొద్దీ బొడిపెలూ పెరిగాయి. 1961లో ఈ ఫలితం అచ్చయింది. ఒక్కో బొడిపె ఒకే కణం సంతానమని రెండేళ్లకు రుజువైంది. రక్తానికి మూలకణం ఉందని అలా తేలింది.

దాన్ని శరీరం బయట పెంచడమే గండమైంది. గాజుపాత్రలో అది విభజన చెందుతుంది గానీ, మూలగుణం పోగొట్టుకుని మామూలు రక్తకణంగా మారిపోతుంది. 1988లో పారిస్‌లో ఒక బాలుడికి చెల్లెలి బొడ్డుతాడు రక్తంతో చికిత్స చేశాక ఈ లోటు మరింత బాధించింది. ఒక బొడ్డుతాడులోని కణాలు పెద్దవాళ్లకు తరచూ చాలవు.

అందుకే కణాన్ని మారనివ్వకుండా పెంచే మందుల కోసం వేట సాగింది. 2014లో మాంట్రియల్ బృందం యూఎం171 అనే రసాయనాన్ని ప్రకటించింది. బి3 విటమిన్ రూపమైన నికోటినమైడ్‌తో పెంచిన బొడ్డుతాడు కణాల చికిత్స ఒమిసర్జ్‌కు 2023లో అమెరికా అనుమతి దక్కింది. పరీక్షల్లో తెల్లకణాలు మామూలు బొడ్డుతాడు రక్తంతో సగటున పట్టే 22 రోజులకు బదులు 12 రోజుల్లోనే కోలుకున్నాయి. ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే రోగికి ఆ పది రోజులు ప్రాణంతో సమానం.

2019లో జపాన్, అమెరికా శాస్త్రవేత్తలు పోషక ద్రావణంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తీసేసి, జిగురులో వాడే పాలీవినైల్ ఆల్కహాల్ కలిపారు. నెలలో ఎలుకల మూలకణాలు కొన్ని వందల రెట్లయ్యాయి. 2024లో మెల్‌బోర్న్ బృందం మామూలు మానవ కణాల నుంచి మలచిన మూలకణాలతో ఎలుకల్లో రక్తం పుట్టించింది.

మన్యంలోనూ పట్టణాల్లోనూ సికిల్ సెల్, థలసీమియా వంటి రక్తజబ్బులతో బాధపడే పిల్లలకు ఇది నేరుగా సంబంధించిన కథ. తోబుట్టువు మూలుగ పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటే. రోగి సొంత కణాల్లోని జన్యులోపాన్ని సరిచేసి వాటి నుంచే చికిత్స సిద్ధం చేయగలిగితే దాత కోసం ఎదురుచూపు తప్పుతుంది. అది మనుషుల్లో భద్రమని తేలాలి, ధర సామాన్యుడికి అందాలి. ఈ రెండో పనిని మార్కెట్‌కు వదిలేయకుండా ప్రభుత్వాలు ఇప్పటి నుంచే తలకెత్తుకోవాలి.