ధాత కరువులో కలసి పనిచేసినవారు

మన పెద్దలు ధాత కరువని చెప్పుకొనిన కాలమును గూర్చి మీరు వినియుందురు. 1876లో వానలు తప్పిపోయెను. 1878 వరకు మదరాసు రాజధానిలో లక్షలాది జనులు చనిపోయిరి. అప్పుడు నెల్లూరు జిల్లాలోనిదైన ఒంగోలు సీమయు గింజ లేక అలమటించెను.

సర్కారువారు పనులు పెట్టించిరి గాని పైవారిలోనే పొత్తు కుదరలేదు. వైశ్రాయి పంపిన రిచర్డ్ టెంపుల్ దొర ఖర్చు తగ్గింపనెంచి, దినమునకు ఒక పౌను ధాన్యము వెల, దానిపై కొద్ది పైకము చాలుననెను. పౌననగా అరకిలోకు తక్కువే. మదరాసు ఆరోగ్యాధికారి కార్నిష్ డాక్టరు అది ప్రాణము నిలుపదని వాదించెను. కొన్ని నెలలకు కూలి పెంచిరి. ఆలోపల పోయినవారు పోయిరి. మట్టితట్ట మోయువానిని అడిగినయెడల ఈ లెక్క ఒక్కపూటలో తేలియుండును గదా!

ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర చిన్నతనమున అమెరికాలో భూమి కొలతపని నేర్చినవాడు. ఆయన బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును సర్కారునొద్ద గుత్తకు తీసికొనెను. సొమ్ము సర్కారుది, జనులను పిలిచి నడుపుట మిషనుది. ఇతర తావులలో మేస్త్రీలు కొట్టుదురని, కూలి మ్రింగుదురని మాదిగవారు భయపడుచుండిరి. ఇచ్చట తామెరిగిన బోధకులే మేస్త్రీలగుటచేత ధైర్యముగా వచ్చిరి. రాజుపాలెము వద్ద గుడిసెలు వేసిరి, బావులు త్రవ్విరి. అయినను కలరా వచ్చి అనేకులను కొనిపోయెను.

1877 ఆగస్టులో మదరాసు మొర విని లండను మేయరు మాన్షన్ హౌస్ నిధి తెరచెను. ఆ సొమ్ము స్థానిక సంఘముల చేతులమీదుగా పల్లెలకు చేరెను. కూలి ఆ పూటకే సరిపోవును; ఎద్దు, విత్తనము, ఇంటికప్పు ఎవరిత్తురు? అందుకు ఈ నిధి అక్కరకు వచ్చెను.

ఇక ఒక చిక్కు. అన్నము పెట్టుచేయి బాప్తిస్మమిచ్చినయెడల, కోరినది దేనినో ఎవరు చెప్పగలరు? జనులు ఎంత అడిగినను క్లౌ దొర సుమారు పదునైదు నెలలు ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. సహాయము ముగిసినదని కబురంపిన పిమ్మటనే, 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యనే అందరు చెప్పుకొందురు. నాకు మాత్రము ఆ పదునైదు నెలలే పెద్దవిగా తోచును.

1880లో కరువు కమీషను నివేదిక వెలువడెను; 1883లో కరువు నిబంధనలు వచ్చెను. ఎప్పుడు పనులు తెరువవలెనో, కూలి ఎంతయో, ఎవరి పని ఏదో కరువు రాకమునుపే కాగితముమీద వ్రాసిపెట్టిరి. ఆ కాలువ నేడు పెక్కుచోట్ల పూడిపోయినది.