ఫలితానికో దారి, ఫిర్యాదుకో దారి

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు చూసిన ఊరది. ఆ నీటిమట్టాల పట్టిక చదివే చిన్న పైథాన్ స్క్రిప్టు రాశామనుకోండి. ఫైలు తెరుచుకోకపోతే ఆ మాట ఎక్కడ చెప్పాలి? అంకెల మధ్యలోనే చెబితే, వాటిని అందుకునే తర్వాతి ప్రోగ్రాం దాన్నీ నీటిమట్టమనే అనుకుంటుంది.

ఈ చిక్కు 1970ల్లో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ రాసినవాళ్లకే ఎదురైంది. 1973లో ఒక ప్రోగ్రాం ఫలితాన్ని మరోదానికి అందించే పైపులు వచ్చాయి కానీ, ఫలితానికీ ఫిర్యాదుకూ ఇంకా ఒకటే దారి. అక్కడి స్టీవ్ జాన్సన్ చెప్పిన సంగతి ఇది: ఫొటో అక్షరకూర్పు కాగితాన్ని ఘాటు వాసన కొట్టే యంత్రంలో పెట్టి నిమిషాల తరబడి ఆగితే, ఫలానా ఫైలు తెరవలేకపోయానన్న ఒక్క వాక్యం అందంగా అచ్చయి వచ్చింది. ఒకే మధ్యాహ్నం చాలామందికి అదే అనుభవం. రెండు రోజుల్లో ఫిర్యాదులకు వేరే దారిగా స్టాండర్డ్ ఎర్రర్ పుట్టింది. 0 ఇన్‌పుట్, 1 అవుట్‌పుట్, 2 ఎర్రర్. ఈ అంకెలతోనే దారి మళ్లించే 2>&1 గుర్తు 1979 నాటి బోర్న్ షెల్‌లో ఉంది. 1987లో పెర్ల్, 1991లో పైథాన్ ఈ ఏర్పాటునే అందుకున్నాయి.

దారులు రెండయ్యాక కొత్త బగ్గులూ వచ్చాయి. అన్నిటికన్నా మోసపుచ్చేది బఫర్. తెర మీద వరుసగా కనిపించిన సందేశాలు ఫైలులోకి పంపగానే తారుమారవుతాయి. తెరకైతే అవుట్‌పుట్ పంక్తి ముగియగానే వెళ్తుంది, ఫైలుకైతే కొంత పోగయ్యాకే కదులుతుంది. ఎర్రర్ అంతసేపు ఆగదు. మధ్యలో ఎవరైనా ప్రాసెస్‌ను చంపేస్తే పోగైన పంక్తులు పోతాయి, తప్పు లేని చోట వెతుకుతూ కూర్చుంటాం. 2012లో పైథాన్ 3.3 ప్రింట్‌కే, పోగైనదాన్ని వెంటనే పంపించే ఫ్లష్ సదుపాయం ఇచ్చింది.

మరో స్క్రిప్టును నడిపి దాని అవుట్‌పుట్‌ను చివరిదాకా చదువుతూ ఎర్రర్ పైపును వదిలేస్తే, లైనక్స్‌లో మామూలుగా 64 కిలోబైట్లకు అది నిండి రెండు ప్రోగ్రాములూ స్తంభిస్తాయి. రెంటినీ కలిపి చదివే సబ్‌ప్రాసెస్ మాడ్యూల్ పైథాన్‌లోకి 2004లో వచ్చింది.

తెలుగువాళ్లకు మరో కష్టం. పైథాన్ 2లో తెర మీద బాగానే కనిపించిన యూనికోడ్ తెలుగు పైపులోకి పంపగానే ఆస్కీ ఎర్రర్‌తో ఆగిపోయేది. 2008 నాటి పైథాన్ 3లో ఎర్రర్ దారి రాయలేని అక్షరాన్ని కోడ్ సంఖ్యగానైనా రాస్తుంది. చాలా మంచి నిర్ణయం అది: తప్పు చెప్పాల్సిన దారే తప్పుతో ఆగిపోకూడదు.

స్క్రిప్టులు నేర్చుకుంటున్న పిల్లలకు నా విన్నపం ఒక్కటే. విసుగు పుట్టి ఎర్రర్ సందేశాలను పారబోయకండి. 2> గుర్తుతో వేరే ఫైలులో దాచి, ముందు దాన్నే చదవండి.