బడి మూతబడ్డాక

బడి మూతబడితే పిల్లలు ఇంకో బడికి వెళతారు, టీచర్లకి బదిలీలవుతాయి. భవనం ఒక్కటే ఎక్కడికీ వెళ్ళలేదు. అది ఇప్పుడు ఎవరిది, దాన్నేం చేయాలి అన్న ప్రశ్న అప్పుడు మొదలవుతుంది. న్యూయార్క్‌లో ఇలా మూతబడ్డ రెండు పాత బడుల చరిత్రని పక్కపక్కన పెట్టి చదివితే, ఆ ప్రశ్నకి జవాబు గోడల్లో కన్నా దస్తావేజుల్లో ఎక్కువ ఉందని నాకనిపిస్తుంది.

మొదటిది పీఎస్ 1, అంటే పబ్లిక్ స్కూల్ నంబరు ఒకటి. క్వీన్స్‌లోని లాంగ్ ఐలాండ్ సిటీలో 1890లలో కట్టారు. పిల్లలు తగ్గిపోయి 1963లో మూసేశారు. ఆ తర్వాత కొన్నేళ్ళు గోడౌన్‌గా పడి ఉంది. 1971 నుంచి అలానా హైస్ అనే ఆవిడ నగరంలో వాడకుండా వదిలేసిన భవనాలని అడిగి తీసుకుని, వాటిలో కళాకారులకి చోటిప్పించే పని మొదలుపెట్టింది. నగరం దివాలా అంచుకి చేరిన రోజులవి. 1976 జూన్‌లో పీఎస్ 1 తలుపులు 'రూమ్స్' అనే ప్రదర్శనతో మళ్ళీ తెరుచుకున్నాయి. భవనానికి మెరుగులు దిద్దేదాకా ఎవరూ ఆగలేదు. పెచ్చులూడిన గోడలు ఎలా ఉన్నవి అలాగే ఉండగా, ఆ గదుల్నే ముడిసరుకుగా వాడుకున్నారు. గోర్డన్ మాటా-క్లార్క్ అంతస్తుల నేలని కోశాడు. ఆలన్ సారెట్ గోడకి ఒక కన్నం పెట్టాడు. ఆ కన్నం ఇప్పటికీ ఉంది, అందులోంచి ఎండ లోపలికి పడుతుంది. పెద్ద ఎత్తున బాగుచేయించడం 1997 నాటికి గానీ జరగలేదు. 2000లో ఆ సంస్థ మోమా మ్యూజియంతో కలిసింది. భవనం మాత్రం ఈరోజుకీ నగరానిదే.

రెండోది మన్‌హాటన్‌లో, తూర్పు తొమ్మిదో వీధిలో ఉన్న పీఎస్ 64. 1906లో పూర్తయింది. కట్టింది చార్లెస్ స్నైడర్. 1891 నుంచి 1923 దాకా న్యూయార్క్ బడుల నిర్మాణమంతా ఆయన చేతుల మీదుగానే నడిచింది. ఇరుకు వీధుల మధ్య బడికి గాలీ వెలుతురూ రావాలంటే ఎలా అన్నది ఆయన లెక్క. అందుకే ఇంగ్లీషు 'హెచ్' అక్షరం ఆకారంలో కట్టి, రెండు వైపులా ముంగిళ్ళు వదిలాడు. చీకటి గదుల్లో కాపురాలుండే వలస కుటుంబాల పిల్లలకి ఇది చిన్న సంగతి కాదు.

ఆ బడిని 1977లో మూసేశారు. 1979లో చారాస్ అనే సంఘం అందులోకి వచ్చింది. అంతకుముందు బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ పద్ధతిలో గుమ్మటాలు కట్టడం నేర్చుకున్న పోర్టోరికన్ యువకులు పెట్టిన సంఘమది. భవనానికి 'ఎల్ బోహియో' అని పేరు పెట్టుకున్నారు. గుడిసె అని అర్థం. అయిదంతస్తుల గుడిసె! నాటకాలు, సినిమాలు, సభలు, పాత సైకిళ్ళ మరమ్మతు, పిల్లలకి క్లాసులు - ఇరవై రెండేళ్ళు నడిచాయి.

అయితే యాజమాన్య హక్కు వాళ్ళది కాదు. 1998లో నగరం ఆ భవనాన్ని వేలానికి పెట్టింది. నిరసనగా కొందరు వేలం హాల్లో వేల కీచురాళ్ళని వదిలారు. కాసేపు గందరగోళమైంది గానీ వేలం ఆగలేదు. 31.5 లక్షల డాలర్లకి ఒక డెవలపర్ కొనుక్కున్నాడు. 2001 డిసెంబరులో చారాస్‌ని ఖాళీ చేయించారు.

ఆ తర్వాత జరిగిందే అసలు ఆలోచించాల్సిన భాగం. సమాజ ప్రయోజనానికే వాడాలన్న షరతు అమ్మకం పత్రంలోనే ఉంది. విద్యార్థుల హాస్టల్ కడతానని యజమాని అంటే నగరం ఒప్పుకోలేదు. 2006లో చారిత్రక కట్టడంగా గుర్తింపు వచ్చింది. యజమాని అంతకుముందే తీసుకున్న పర్మిట్‌ని అడ్డుపెట్టుకుని, గుర్తింపు వచ్చాక ముఖభాగం మీది అలంకారాలని చెక్కించేశాడు. పోనీ చట్టం ఆ అలంకారాల్ని కాపాడినా, అది చూసేది గోడల బయటి వైపే. లోపల ఎవరుండాలో చెప్పదు. వాడుకునే వాళ్ళని వెళ్ళగొట్టారు, కొన్నవాడు వాడుకోలేకపోయాడు. రెండు దశాబ్దాలకి పైగా ఆ బడి ఖాళీగా పాడుబడింది.

నగరానికీ ఒక వాదన ఉంది. ఖాళీ భవనాలు భారం, అమ్మితే డబ్బొస్తుంది, పన్నులొస్తాయి. కాదనలేం. కానీ పీఎస్ 64 ఖాళీగా లేదు కదా! నడుస్తున్నదాన్ని అమ్మి ఖాళీ చేశారు. హక్కు తన దగ్గరే ఉంచుకుని వాడకం ఇంకొకరికి ఇవ్వచ్చని పీఎస్ 1 దగ్గర అదే నగరం నిరూపించింది.

అలాగని పీఎస్ 1ని నెత్తిన పెట్టుకోవడం కూడా నాకు కష్టమే. అదిప్పుడు ప్రపంచంలో పేరున్న మ్యూజియం. నాలుగు వైపులా అద్దాల టవర్లు లేచాయి. గదులు బతికాయి గానీ, ఒకప్పుడు ఆ బడిలో చదివిన పిల్లల్లాంటి వాళ్ళకి వాటితో ఇప్పుడెంత పనుందో చెప్పడం కష్టం. బడి లక్షణానికి దగ్గరగా ఉన్నది చారాసే. చేతిలో కాగితం లేక ఓడిపోయింది.

విద్యార్థుల సంఖ్య తగ్గిందని పక్క బడిలో కలిపేసిన ప్రాథమిక పాఠశాలలు ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఉన్నాయి. వాటికి స్నైడర్ లాంటి ఆర్కిటెక్టు లేడు, వారసత్వ గుర్తింపూ రాదు. ఊరివాళ్ళకి ఆ గదులు కావాలంటే, గ్రంథాలయానికో, సాయంత్రం క్లాసులకో, ముందు అడగాల్సినది బాగుచేయడానికి ఎంతవుతుందని కాదు. హక్కు ఎవరి పేరున ఉంటుంది, వాడుకునే వాళ్ళకి ఎన్నేళ్ళు రాసిస్తారు అని. తాళం పడిన ఏడాదే ఆ మాట రాయించుకోవాలి. ఇరవై రెండేళ్ళు నడిపాక కూడా కాగితం లేకపోతే ఏమవుతుందో తొమ్మిదో వీధిలో కనబడుతూనే ఉంది.